పుట్టని లావలద్ రావు

మా వంశంలో నాకు కోపం తెప్పించినవాళ్ళకు కొదవలేదు. బతికున్నవాళ్ళను వరసగా నిలబెడితే జగిత్యాల నుంచి కోరుట్ల దాకా వస్తారు. పోయినవాళ్ళను కూడా పిలిస్తే వరస మెట్‌పల్లి దాటుతుంది. కానీ అసలు పుట్టనే పుట్టని మనిషి మీద ఒళ్ళు మండడం నాకిదే మొదలు. ఆయన పేరు లావలద్ రావు. ఇంట్లోవాళ్ళ పేర్లు అచ్చులో రాసే అలవాటు నాకు లేదు. ఈయన పేరు మాత్రం నిర్భయంగా రాస్తాను. వచ్చి నన్ను నిలదీసే ప్రమాదం లేదు.

ఆయనకు ప్రాణం పోసింది మా పెద్దనాన్న కొడుకు. సిరిసిల్లలో అన్నకు బట్టల వ్యాపారం. గుడ్డ కనబడితే చాలు, దాని మీద ఏదో ఒకటి అచ్చు వేయిస్తాడు. ఒకరోజు ఫోన్‌లో ఇంగ్లండు దొరల వంశవృక్షం గురించి వీడియో చూశాడు. రాజులు కాదు, ప్రభువులు కాదు, నాలుగూళ్ళ పొలాలూ ఒక రాతి ఇల్లూ ఉన్న పాతకాలపు పల్లెటూరి దొరలు. పన్నుల చిట్టాలు, సమాధి రాళ్ళు, భూమి తగాదాల కాగితాలు తవ్వి, వందల ఏళ్ళ వెనక్కి వాళ్ళ తాతల పేర్లు పట్టుకున్నారట. పైన ఆ వంశపు డాలు గుర్తు కూడా ఉందట. ఆ రోజు నుంచి మా అన్న కాలు భూమ్మీద ఆనలేదు.

"తమ్మీ, గాళ్ళు సుత మనసొంటోళ్ళే. ఊరి దొరలు. మనకేం తక్కువ?"

"అన్నా, మనకు తాత తండ్రి పేరే సరిగ రాదు గదనే."

"గందుకే ఎతుకుతున్న. నువ్వు రాసేటోనివి, పని లేనోనివి. జెర తోడుండు."

ఆ రెండు విశేషణాలూ ఒక్క ఊపిరిలో వచ్చినందుకు నేను ఫోన్ పెట్టేశాను. అన్న ఆగలేదు. వెల్గటూర్ దిక్కు గోదావరి ఒడ్డున ఉండే మా పాత ఊరి భూమి కాగితాలు, నిజాం కాలపు ఉర్దూ నకళ్ళు సంపాదించాడు. ఉర్దూ అక్షరం ఒక్కటి రాదు. ఫోన్‌తో ఫోటోలు తీశాడు. ఏదో యాప్ ఆ గీతలను మింగి పేర్లు కక్కింది. కక్కిన ప్రతి పేరుకూ మా ఇంటి ఆచారం ప్రకారం అన్న ఒక 'రావు' తగిలించాడు. నెల తిరక్కుండా వంశవృక్షం తయారైంది. గుడ్డ మీద అచ్చు. ఒక కొస సిరిసిల్లలో పట్టుకుంటే రెండో కొస వేములవాడ గుడి లైన్లో నిలబడేంత పొడవు. ఒక్కొక్క ఆకులో ఒక్కొక్క మగవాడు. ఫోటో దొరకని వాళ్ళందరికీ ఒకే తలపాగా, ఒకే మీసం.

ఆ ఫోటో కుటుంబం గ్రూపులో పెట్టాడు. మా చిన్నతాత, అంటే మా తాత తమ్ముడు, ఆయన ఆకు కింద ఒక కొత్త ఆకు మొలిచి ఉంది. అందులో తలపాగాతో, మీసంతో లావలద్ రావు.

చిన్నతాతకు కొడుకుల్లేరని నాకు తెలుసు. గ్రూపులో ఎవ్వరికీ తెలియదో, తెలిసీ ఊరుకున్నారో. పైగా జ్ఞాపకాలు మొదలయ్యాయి! "ఆజానుబాహుడు" అని ఒక బాబాయి. "మా నాయన చెప్తుండె, పెద్ద వేటగాడట" అని ఇంకొకాయన. మూడు రోజుల్లో లావలద్ రావుకు తెల్ల గుర్రం వచ్చింది, నాలుగో రోజు చిరుతపులి చచ్చింది. నాకు అప్పటిదాకా నవ్వే వచ్చింది. ఐదో రోజు కోరుట్లకు వెళ్ళాను. నవ్వు అక్కడితో సరి.

కోరుట్లలో ఉండేది మా మేనత్త. చిన్నతాతకు ఒకే ఒక్క బిడ్డ. ఎనభై దాటాయి. మామ వరండాలో పేపరు ముఖం మీద కప్పుకుని పడుకుని ఉన్నాడు. అత్త చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ నన్ను చూసి చాట పక్కకు నెట్టింది.

"అల్లుడా, గుడ్డ మీద మా నాయన ఉన్నడా?"

"ఉన్నడత్తా."

"మరి నేను?"

చిక్కుడుకాయ ఒకటి తీసుకుని ఈనె తీయడం మొదలుపెట్టాను. నా జన్మలో ఏ ఈనెనూ అంత శ్రద్ధగా తీయలేదు.

"ఊరు ప్రాజెక్టు నీళ్ళల్ల మునిగిపాయె. మేముండే గడి పాయె. నేను పుట్టిన అర్ర మీద ఇప్పుడు చేపలు తిరుగుతున్నయి. నేను ఫలానా ఆయన బిడ్డనని సూపియ్యనీకె నాకో కాయితం లేదు, గోడ లేదు. గా గుడ్డ మీద ఒక్క ఆకు ఇయ్యుమను. చిన్నదైనా మంచిదే."

"చెప్త" అన్నాను. చెప్పేముందు చేతిలో ఆధారం ఉండాలని జగిత్యాలలో మేం చాచా అని పిలిచే పెద్దాయన దగ్గరికి ఆ ఉర్దూ కాగితం నకలు పట్టుకెళ్ళాను. భూమి రికార్డుల దగ్గర బతుకంతా నౌకరీ చేసిన మనిషి. ఉర్దూ, తెలుగు రెండూ నోట్లోనే ఉంటాయి. కళ్ళద్దాలు నుదుటి మీదికి ఎక్కించి, కాగితం ముక్కుకు ఆనించి, ఒకసారి చదివి, కుర్చీలోంచి పడబోయేంత నవ్వాడు.

"బేటా, గిది పేరు గాదు! లా అంటే లేదు. వలద్ అంటే కొడుకు. లావలద్. గీయనకు కొడుకుల్లేరని రాసుకున్నరు. మీరు గా లేనోనికే మీసం పెట్టిండ్రా?"

"బిడ్డ ఉన్నది గద చాచా. ఆమెను రాయలేదా?"

చాచా నవ్వు ఆపాడు. "బిడ్డలను ఎవ్వలు రాసిన్రు బేటా గప్పుడు? బిడ్డ ఉన్నా లావలదే."

అదీ సంగతి. కొడుకు లేడన్న మాటే కొడుకై కూర్చుంది! లేనివాడికి ఆకు, తలపాగా, గుర్రం. ఉన్న మనిషి కోరుట్లలో చిక్కుడుకాయలు వలుస్తోంది. నా కోపం నాకన్నా ముందే సిరిసిల్ల చేరి ఉంటుంది. నేను మాత్రం మర్నాడు చేరాను.

"అన్నా, లావలద్ రావు పుట్టలే."

"పుట్టకుంటే కాయితంల కెట్ల ఎక్కిండు?"

చాచా చెప్పిందంతా చెప్పాను. అన్న ముఖం ఎర్రబడింది, నల్లబడింది, తర్వాత వ్యాపారస్తుడి రంగుకు వచ్చింది.

"గుడ్డ అచ్చయిపోయింది తమ్మీ. ఆకు పీకితే కొమ్మ బోసిపోతది. ఎవలకు ఎరుకైతది? ఉండనీ."

"పీకకు. గా ఆకుల అత్త పేరు పెట్టు."

"ఆడిబిడ్డలను అందర్ని పెట్టుకుంట పోతే గది చెట్టు గాదు, అడివైతది."

ఇంక ఆగలేదు. కోపంతో ఆ ఇంగ్లండు వీడియో అప్పటికే మూడుసార్లు చూసి ఉన్నాను. ఆయన ఫోన్ లాక్కుని అదే పెట్టాను. "సూడు. గీ దొరకు కొడుకుల్లేరు. కింద ఎవ్వలున్నరు? బిడ్డ! ఆమె తండ్రి డాలు గుర్తు ఆమె కొడుకుల డాలు మీదికి గూడ ఎక్కింది. సూడు, గీ మూలకు."

"గది ఇంగ్లండు తమ్మీ."

"గాళ్ళు మనసొంటోళ్ళే అన్నది ఎవలు?"

"పెద్దరికంల మనసొంటోళ్ళంటి. అన్ని విషయాలల్ల గాదు."

చేతికి దొరికిన గుడ్డల తాను ఒకటి నేలకేసి కొట్టి బయటికొచ్చాను. తాను విప్పుకుంటూ రోడ్డు దాకా నా వెంట వచ్చింది. కోరుట్లకు ఫోన్ చేసి అత్తకు ఏం చెప్పాను? "అన్న చూస్తనన్నడత్తా" అని చెప్పాను. పిరికితనానికి మా వంశంలో వేరే చెట్టు వేయవచ్చు.

ఆదివారం మధ్యాహ్నం ఆ గుడ్డ చూపించడానికి అన్న వంశాన్నంతా సిరిసిల్లలో ఒక ఫంక్షన్ హాలుకు పిలిచాడు. అత్తనూ మామనూ నా కారులోనే తీసుకెళ్ళాను. గుడ్డ ఒక గోడ నిండా వేలాడుతోంది. అత్త కళ్ళద్దాలు కొంగుతో తుడుచుకుంది. కింది నుంచి పైకి, పై నుంచి కిందికి, వేలు గాలిలో పెట్టి చదివింది. తండ్రి ఆకు దగ్గర వేలు ఆగింది. ఒక్క మెట్టు కిందికి దిగింది.

"వీడెవడు అల్లుడా?"

నేను చెప్పేలోపే గ్రూపులో లావలద్ రావుకు గుర్రం తెచ్చిన బాబాయి ఎదురొచ్చాడు. "నీ అన్ననే అక్కా! యాదికి లేడా?"

అత్త వేలు దించింది. పోయి కుర్చీలో కూర్చుంది.

భోజనాల తర్వాత ఆడబిడ్డలకు ఒడిబియ్యం. మా దిక్కు పెళ్ళయిన బిడ్డల కొంగులో తల్లిగారింటివాళ్ళు పసుపు కలిపిన బియ్యం, ఎండు కొబ్బరి కుడుకలు పోస్తారు. ఆ ఇంటి బిడ్డవని చెప్పే మాట అది. పోయించుకోకుండా బిడ్డ వెళ్ళిపోతే ఇంటికి అంతకన్నా పెద్ద తిట్టు లేదు. అన్న, వదిన పళ్ళెం పట్టుకుని వరసగా పోస్తూ వచ్చారు. అత్త ముందు ఆగారు.

"అత్తా, కొంగు పట్టు."

అత్త కొంగు భుజం చుట్టూ తిప్పి నడుములో దోపుకుంది.

"నేను గీ ఇంటి బిడ్డనని ఎక్కడ రాసున్నది? మా నాయనకు కొడుకున్నడంటిరి గద. గాయన్ని పిలువుండ్రి. గాయన కొంగుల పొయ్యిండ్రి."

ఎవరో నవ్వారు. ఆ నవ్వు సగంలోనే చచ్చింది. అన్న పళ్ళెం వదిన చేతికి వదిలేశాడు.

"తప్పయింది అత్తా. మల్ల అచ్చు కొట్టిస్త. ఇగో, ఇప్పుడే రాసుకుంట." జేబులోంచి పెన్ను, ఆహ్వానపత్రిక తీసి, దాన్ని వెనక వైపు తిప్పాడు. రాయబోయి ఆగాడు. "నీ పేరు... అందరం కోరుట్ల అత్తనే అంటిమి గద. అసలు పేరేంది?" నా వైపు తిరిగాడు. "చెప్పు తమ్మీ. కొట్లాడినోనివి నువ్వే గద."

నోరు తెరిచాను. కోరుట్ల అత్త అన్న మాటే వచ్చింది. వెనకాల ఇంకేమీ రాలేదు. పిన్నమ్మలు పిన్నమ్మల ముఖాలు చూసుకున్నారు. హాలు నిండా మా వంశం ఉంది, ఒక్కరికీ తెలియదు. మామ గొంతు సవరించుకున్నాడు. అత్త చెయ్యెత్తి ఆయనను ఆపింది.

తన పేరు తనే చెప్పింది. నిదానంగా, ఒక్కో అక్షరం విడిగా. తర్వాత తండ్రి పేరు. ఆ తర్వాత, ఎవరూ అడగకుండానే, తల్లి పేరు. అన్న మూడూ రాసుకున్నాడు.

"ఇగ కొంగు పట్టత్తా."

"అచ్చయినంక బియ్యం పట్టుకోని కోరుట్లకే రా. గప్పుడు కొంగు పడ్త."

మళ్ళీ వేములవాడ మీదుగా కోరుట్ల దారి పట్టాం. నేను అన్నను తిడుతూనే ఉన్నాను. యాప్‌ను తిట్టాను, ఆ ఉర్దూ కాగితం రాసినవాణ్ణి తిట్టాను, గుర్రం తెచ్చిన బాబాయిని రెండుసార్లు తిట్టాను. కథలాపూర్ దాటాక వెనక సీట్లోంచి అత్త అడిగింది.

"నా పేరు నీకు సుత తెల్వదా అల్లుడా?"

"తెల్వదత్తా."

"మరి ఎవల కోసం కొట్లాడినవ్ రా ఇన్ని రోజులు?"

ఆ తర్వాత నేనెవరినీ తిట్టలేదు. తిట్టడానికి కారులో మిగిలింది నేనొక్కణ్ణే.