కొట్టేసిన ‘మరియు’

అచ్చాఫీసులో ఆమెను అందరూ కామాగారు అనేవారు. ముఖం మీదే అనేవారు, ఆమె పలికేది. ప్రూఫులు దిద్దడం ఆమె పని. ఇరవై రెండేళ్లుగా కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని ఎర్ర కలంతో పరాయివాళ్ల వాక్యాలు సరిచేస్తోంది. పేజీ చేతికొస్తే భోజనం గంట కొట్టినా తలెత్తదు. ఒక మాట కోసం నిఘంటువు తెరిస్తే గంట తర్వాత వేరే మాటతో బయటికొస్తుంది. వెతకబోయింది ఏమిటో గుర్తుండదు.

ఆ ఏడాది మూడువందల పన్నెండు పేజీల పాఠ్యపుస్తకం ఒకటి ఆమె చేతుల మీదుగా వెళ్లింది. లోపల ఒక్క తప్పు లేదు. అట్ట మీద మాత్రం ‘భౌతిక శాస్రం’ అని పడింది. తవత్తు లేదు. రెండువేల ప్రతులు.

“అట్ట ప్రూఫు చూశారా, చూడలేదా?” అన్నాడు మేనేజరు.

“చూశానండీ. అరగంట చూశాను. ఎడమవైపు గీత వెంట్రుకవాసి లావుగా ఉంటే సరిచేయించాను.”

“గీత సరిచేయించారా?”

“అవునండీ.”

మేనేజరు తల పట్టుకున్నాడు. పుస్తకం వేయించినవాళ్లు ఆమెను పనిలోంచి తీసేయమని పట్టుబట్టారు. “మీది నిర్లక్ష్యం కాదని నాకు తెలుసమ్మా. నాకు తెలిస్తే చాలదు. డాక్టరుకి చూపించుకుని, ఏమిటో కాగితం మీద రాయించి తెండి. నెలాఖరు దాకా ఆపగలను” అన్నాడు.

డాక్టరమ్మ మూడు వారాలు, వారానికో గంట మాట్లాడింది. చిన్నతనం గురించి చెల్లెల్ని కూడా పిలిచి అడిగింది. చివరి రోజున అక్కచెల్లెళ్లిద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టి చెప్పింది.

“మీకు ఆటిజం ఉంది. అందుకే చప్పుళ్లు అంత గట్టిగా తగుల్తాయి, అలవాటైన పద్ధతి మారితే ఊపిరాడదు. ఏడీహెచ్‌డీ కూడా ఉంది. అందుకే ధ్యాస మీరు చెప్పినచోట నిలబడదు, అది కోరుకున్నచోట నిలబడుతుంది. రెండూ పుట్టుకతో వచ్చినవే.”

కామాగారు అడిగింది, “ఒకటి రెండోదాన్ని కొట్టేయదా అండీ?”

“కొట్టేయదు. ఒకదాన్నొకటి దాచిపెడతాయి. అందుకే ఇన్నేళ్లూ బయటపడలేదు.”

బస్టాపులో చెల్లెలు ఆగలేకపోయింది. “పద్ధతి కావాలనేది ఒకటి, పద్ధతి చెడగొట్టేది ఇంకొకటి. అమ్మా నాన్నా నీలో కాపురం పెట్టారన్నమాట అక్కా!”

కామాగారు నవ్వలేదు. బస్సెక్కి నాలుగు స్టాపులు దాటాక ఉన్నట్టుండి పకపకా నవ్వింది.

“ఏమైందే తల్లీ?” అంది చెల్లెలు హడలిపోయి.

ఇంటికొచ్చి ఆమె కాగితం మధ్యలో ఒక గీత గీసింది. ఇటు ఆటిజం, అటు ఏడీహెచ్‌డీ; ఏది దేనిదో తేల్చుకోవాలనుకుంది. ఫ్యాను టకటకకి తల పగిలిపోవడం ఇటువైపు. మూత పెట్టని సీసాలు అటువైపు. నిఘంటువు దగ్గర ఆగిపోయింది. గంటసేపు కదలకుండా కూర్చోవడం ఇటుదా, వెతికేదాన్ని మరిచిపోవడం అటుదా? అలాగైతే ఒకే గంట రెండువైపులా ఎలా పడుతుంది? అక్షరాలంటే ఇష్టం ఎటువైపు? ఇష్టం కూడా వాటిదే అయితే తన వంతుకు వచ్చేదేమిటి? కాగితం సగంలో వదిలేసింది. వదిలేయడం ఎటువైపు రాయాలో కూడా తెలియలేదు.

ఏమీ తోచక డాక్టరు ఇచ్చిన కాగితం తీసి చదివింది. ‘వీరికి ఆటిజం మరియు ఏడీహెచ్‌డీ ఉన్నట్లు నిర్ధారించడమైనది.’ తెలుగు వాక్యానికి ‘మరియు’ అక్కర్లేదని ఆమె గట్టి నమ్మకం. వేల ‘మరియు’లను కొట్టేసిన చెయ్యి అది. తాను ఏం చేస్తోందో తెలిసేలోపు ఎర్ర కలం దాన్నీ కొట్టేసి, అక్కడో కామా పెట్టింది. కింద ఇంకో ఆరు తప్పులు దొరికాయి. అవీ దిద్దింది. చాలా రోజుల తర్వాత కాస్త మనసు కుదుటపడింది. మర్నాడు ఆ కాగితమే పట్టుకెళ్లి మేనేజరు చేతిలో పెట్టింది.

ఆయన కళ్లజోడు సవరించుకున్నాడు. ఎర్ర గీత చివర కొంచెం సాగి పక్కనున్న ‘ఏడీహెచ్‌డీ’కి తగిలింది.

“రెండోది కొట్టేశారు. అంటే అది లేదనా?”

“ఎవరు కొట్టేశారండీ?” అంటూ వంగి చూసి, ఆమె నాలిక్కరుచుకుంది. “అది… నేను.”

“డాక్టరు కాగితాన్ని దిద్దారా!”

“అందులో ఏడు తప్పులున్నాయండీ.”

“అమ్మా, ఇది ఎక్కడా చెల్లదు. మీ తల్లోని తప్పో ఒప్పో ఆవిడ రాస్తే, దాన్ని కూడా మీరే దిద్దితే నేనెవరికి చూపించను? నెలాఖరు ఎల్లుండి.”

మెట్లు దిగుతూ ఆమె ఒక్క క్షణం ఆశపడింది. ఆయన చదివినట్టే ఉంటే? ఒకటే ఉంటే? ఒకటైతే చెప్పుకోవడం సులువు. కింది మెట్టు మీదికొచ్చేసరికి ఏది ఉంచి ఏది తీయాలో తేలక అక్కడే నిలబడిపోయింది.

డాక్టరమ్మ ఎర్రగీతలన్నీ చూసి నవ్వాపుకుంది. “మిగతావన్నీ సరిచేసి ఇస్తాను. ఈ ‘మరియు’ సంగతి మీరే చెప్పండి. తీసేయమంటారా?”

“తీసేస్తే వాక్యం బాగుంటుందండీ.”

“ఉంచితే?”

“బాగుండదు. కానీ రెండున్నాయని కనపడుతుంది.” ఆమె ఆ మాట మీద వేలు పెట్టింది. “ఉంచండి. ఎందుకో అడగకండి, నాకూ తెలీదు.”

కొత్త కాగితంలో ఆమెకు చప్పుడులేని చోటు ఇవ్వాలనీ, ఒకసారికి ఒకే పని ఇవ్వాలనీ, చెప్పేది రాసి చెప్పాలనీ ఉంది. మేనేజరు రెండుసార్లు చదివాడు.

“స్టోరు గది ఖాళీ చేయిస్తాను. అట్టలు మాత్రం ఇకమీద ఫోర్‌మన్ చూస్తాడు. పుస్తకం వేయించినవాళ్లకి మాటిచ్చాను.”

ఉద్యోగం నిలబడింది. అట్టలు పోయాయి. సంతోషపడాలో చిన్నబుచ్చుకోవాలో తెలియక ఆమె “సరేనండీ” అంది. గుమ్మం దాకా వెళ్లి వెనక్కొచ్చింది.

“అట్టలు నాకిష్టం.”

“తెలుసమ్మా,” అన్నాడు ఆయన, ఆమె వైపు చూడకుండా.

సాయంత్రం చెల్లెలు ఫోను చేసింది. “ఉద్యోగం ఉందా?”

“ఉంది.”

“హమ్మయ్య! మరి నీకెలా ఉంది?”

అప్పుడే ఖాళీ చేసిన స్టోరు గదిలో చప్పుడు లేదు. కామాగారు ఫోను చెవికి ఆనించుకుని, ఆ ప్రశ్నకి జవాబు నిజంగానే వెతకడం మొదలుపెట్టింది.

“అక్కా? లైన్లో ఉన్నావా?”

“ఉన్నానే. పెట్టెయ్యకు. ఇంకా వెతుకుతున్నా.”