మైనస్ గీత

1979లో ఒక ఉదయం వరంగల్ స్టేషన్‌లో బల్ల మీద కూర్చుని, డాక్టరు రాసిన కళ్లద్దాల నంబరును హైదరాబాదు దుకాణానికి పంపే ఉత్తరంలోకి ఎక్కిస్తున్నాను. వారంలో అద్దాలు రాకపోతే డ్రైవింగ్ లైసెన్సు పరీక్ష తప్పిపోతుంది. ఉత్తరాలు తీసుకెళ్లే రైలు కూత వేసింది. లేవబోతుంటే పక్కనున్న పెద్దామె నా చెయ్యి పట్టుకుంది.

"ఆగు తమ్మీ! చీటీల ఒకటిన్నర ముంగట గీత ఉన్నది. నువ్వు రాయలే."

"చిన్న గీతే గదక్కా, బండి పోతాంది!"

"గీత లేకుంటె దూరపు సూపుకు బదులు దగ్గరివి సదివే అద్దాలొస్తయ్. నాకట్లనే అచ్చినయ్. మెట్టు కానక పడ్డ."

వంకర తిరిగిన మణికట్టు చూపించి, నా పెన్ను లాక్కుని రెండు కళ్లకూ గీతలు పెట్టింది. కదిలిన రైలు వెంట పరుగెత్తి, తపాలా బోగీకున్న డబ్బాలో ఉత్తరం వేశాను.

ఆ అద్దాలతోనే డ్రైవరునయ్యాను. ఆ రోజు వెనక్కి తిరిగి చెయ్యి ఊపితే, ఆమె కూడా ఊపిందో లేదో అంత దూరం నా కళ్లకు ఆనలేదు.