కట్టెల మోపుకు ఎన్ని పాయింట్లు?

ఎల్లారెడ్డి దగ్గరి ఒక తండాలో పుట్టిన జైసింగ్ డిగ్రీ అయ్యాక కామారెడ్డిలో కంప్యూటర్ కోర్సు నేర్చుకుని, 2009లో సర్కారు హైస్కూల్లో కాంట్రాక్టు మీద కంప్యూటర్ సారుగా చేరాడు. పదకొండు సిస్టములు, ఒక జనరేటరు, గది తాళంచెవి అతనికి అప్పజెప్పారు. తండ్రి హరిలాల్ ఒకరోజు బస్సెక్కి వచ్చి, కొడుకు కుర్చీలో కూర్చుని పనిచేయడం కిటికీలోంచి చూసి, లోపలికి రాకుండానే వెళ్ళిపోయాడు.

2012లో వానలు సరిగా పడక కరెంటు కోతలు పెరిగాయి. హెడ్మాస్టరమ్మ ఉమాదేవి అతన్ని పిలిచింది.

"పిల్లలకు కరెంటు పొదుపు చెప్పుమని పైనుంచి కాగితమొచ్చింది. ఉత్తగ చెప్తే ఎవరింటరు? ఏదన్న ఆట లెక్క చెయ్‌రాదు, జైసింగ్."

కరెంటున్న గంటల్లోనే కూర్చుని రెండు వారాల్లో తయారుచేశాడు. తెరమీద ఒక ఇల్లు. బల్బు మీద నొక్కితే ఆరుతుంది, ఫ్యాను మీద నొక్కితే ఆగుతుంది. పక్కనే ఒక క్యాలిక్యులేటరు. ఇంట్లో ఏమేమి ఉన్నాయో, రోజుకు ఎన్ని గంటలు వాడతారో నింపితే నెలకు ఎన్ని యూనిట్లో చూపిస్తుంది. తగ్గించిన ఒక్కో యూనిట్‌కు ఒక పాయింటు.

ఎనిమిదో తరగతి పిల్లలు ఎగబడ్డారు. ఫ్రిజ్, కూలరు, రెండు టీవీలున్న రైతు ఇంటి పిల్ల నిహారికకు ముప్పై ఎనిమిది పాయింట్లు వచ్చాయి. తండా నుంచి వచ్చే సోని వంతు వచ్చింది. ఒక బల్బు, నాలుగు గంటలు అని కొట్టింది. పాయింట్ల దగ్గర సున్నా కదల్లేదు.

"మా ఇంట్ల ఉన్నదే ఒక్క బల్బు సార్. అది బంద్ చేస్తే చీకటైతది. నేనేం తగ్గియ్యాలె?"

పిల్లలు నవ్వారు. జైసింగ్‌కు మాత్రం ముఖం చెల్లలేదు. పదో తరగతి దాకా తనూ ఒక్క బల్బు కింద చదువుకున్నవాడే. తెరమీద గీసిన ఇంట్లో గీజరుకు చోటిచ్చాడు గానీ తన తల్లి పొయ్యికి ఇవ్వలేదు.

మర్నాడు సోనిని పక్కకు పిలిచి, తమ లంబాడీ భాషలోనే, ఇంట్లో అన్నిటికంటే ఎక్కువ కాలేది ఏమిటని అడిగాడు. కట్టెలే అంది సోని. మూడు రోజులకొక మోపు కావాలి, తల్లితో అడవికి పోయిన రోజు బడి ఉండదు. అతను హాజరు పట్టీ తీసి చూశాడు. ఆమె పేరు ముందు గైర్హాజరు గుర్తులు వరసగా ఉన్నాయి.

ఆటలో పొయ్యి చేర్చాడు. అయితే కట్టెల లెక్క అతనికీ తెలియదు. సైన్సు గదిలోని వేలాడే కాంటా సోనికిచ్చి, రోజూ ఎన్ని కిలోలు కాలుతున్నాయో రాయమన్నాడు. పప్పు ముందే నానబెట్టాలి, గిన్నె మీద మూత పెట్టాలి, వంట కాగానే కొరకంచులు బయటికి లాగి ఆర్పాలి అని చెప్పాడు.

తల్లి తిట్టిందని సోని వచ్చి చెప్పింది. "కట్టెలు జోకుడేంది, నీకు పిచ్చి లేసిందా అన్నది సార్. మూత పెట్టినంక ఏమంటలేదు."

రోజుకు ఆరు కిలోలు కాలే కట్టెలు పదిరోజులు తిరిగేసరికి రోజుకు నాలుగున్నర కిలోలకు తగ్గాయి. మోపు నాలుగు రోజులు వచ్చింది. జైసింగ్ దానికి పాయింట్లు వేస్తుంటే నిహారిక లేచింది.

"కట్టెలకు పాయింట్లెట్లిస్తరు సార్? అది కరెంటు కాదు గద?"

"ఏది కాలినా కాలుడే బిడ్డా."

నిహారిక పాయింట్లను సోని అందుకోలేదు. కానీ ఆ నెలలో మునుపటికన్నా మూడు రోజులు ఎక్కువ బడికి వచ్చింది. ఉమాదేవి ఆ సంగతి విని, మిగతా తండా పిల్లలకూ కాంటా ఇప్పించింది.

2013లో కాంట్రాక్టు గడువు తీరింది. కంప్యూటర్ గదికి తాళం పడింది. జైసింగ్ నెలన్నర ఇంట్లో కూర్చుని, చివరికి కామారెడ్డిలో నవీన్ అనే అతని ఇన్వర్టర్ల దుకాణంలో పనికి కుదిరాడు. వచ్చినవాళ్ళను ముందు కూర్చోబెట్టి, ఇంట్లో ఎన్ని ఫ్యాన్లు, ఎన్ని లైట్లు, ఎన్ని గంటలు అని అడిగి కాగితం మీద లెక్క వేస్తాడు. చాలామందికి చిన్న బ్యాటరీయే చాలంటాడు.

"గిట్ల చెప్తే పెద్దది ఎవలు కొంటరన్నా?" అని నవీన్ మొదట్లో గునిశాడు. ఏడాది తిరిగేసరికి తాడ్వాయి, సదాశివనగర్ నుంచి రైతులు వచ్చి, లెక్క చెప్పే సారు ఉన్నాడా అని అడగసాగారు. అప్పటినుంచి నవీన్ ఆ మాట ఎత్తలేదు.