ఆ రెండో భాగాన్ని నేనొప్పుకోను

ఆ నవల రెండో భాగాన్ని నేను అప్పుడూ ఒప్పుకోలేదు, ఇప్పుడూ ఒప్పుకోను. కాలేజీ పిల్లల ప్రేమకథ మీద ఇంత పంతమేమిటని నవ్వేవాళ్ళు నవ్వుకోవచ్చు. వాళ్ళెవరూ మిరప కల్లంలో కూర్చుని ఆ కథను పదిమందికి చదివి వినిపించినవాళ్ళు కారు.

ఎనభైల నాటి మాట. దర్శి దగ్గర మా ఊరు. ఎండాకాలం సెలవుల్లో అమ్మతోనూ మేనత్తతోనూ కలిసి ఒక రైతు కల్లానికి మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్ళేదాన్ని. తాటాకు పందిరి కింద ఆడవాళ్ళందరం గుండ్రంగా కూర్చునేవాళ్ళం. సాయంత్రం ఎవరి గంప వాళ్ళకు తూకం వేసి కూలి ఇచ్చేవారు. నా గంప మాత్రం నేను నింపేదాన్ని కాదు. ఆదివారం చర్చిలో వాక్యం చదివేది నేనే కాబట్టి నా గొంతు అందరికీ అలవాటు. నేను నవల చదువుతుంటే, వింటున్నవాళ్ళు మధ్యమధ్యలో తలా ఒక గుప్పెడు తొడిమ తీసిన కాయలు నా గంపలో వేసేవారు. అవి అద్దె పుస్తకాలు. కారం మరక పడితే కొట్టువాడు ఊరుకోడు. అందుకని చదివే రోజు నేను కాయ ముట్టకూడదని అందరం అనుకున్నాం.

పుస్తకాలు తెచ్చేది బావ, మా మేనత్త కొడుకు. దర్శిలో సైకిల్ షాపులో పనిచేసేవాడు. దాని పక్కనే అద్దె పుస్తకాల కొట్టు. తను ఒక్క పేజీ కూడా చదివేవాడు కాదు. నాకు ఏది నచ్చుతుందో అట్ట చూసి పోల్చుకుని తెచ్చేవాడు. నన్ను అతనికి చేసుకోవాలని మా అత్త నేను పుట్టినప్పుడే అనుకుంది. మా నాన్న అక్క మాట జవదాటడు. నాకేమో గుంటూరు వెళ్ళి ఇంటర్ చదవాలని. బావ మంచివాడు. నా ఇబ్బందంతా అదే. చెడ్డవాడైతే వద్దనడం ఎంత తేలిక!

మొదటి భాగం నా తొమ్మిదో తరగతి అయిన వేసవిలో చదివాను. రోజూ ఒకే బస్సెక్కే అమ్మాయీ అబ్బాయీ ప్రేమించుకుంటారు. అతను పెళ్ళి మాట ఎత్తుతాడు. ఇష్టమే గానీ నా చదువయ్యేదాకా ఆగమని చెప్పి, ఆ పిల్ల బస్సెక్కి వెళ్ళిపోతుంది. అక్కడితో పుస్తకం అయిపోయింది. ఆ రోజు ఇంటికొస్తుంటే అక్షరం ముక్క రాని మా అమ్మ నన్ను అడిగింది.

"నిన్ను గుంటూరులో చేర్పిస్తే నువ్వూ అట్టా నిలబడి చదువుతావా?"

చదువుతానన్నాను. "చూద్దాంలే" అంది. ఆ చూద్దాంలే మీదే నేను ఏడాదంతా బతికాను.

మరుసటి వేసవికి పదో తరగతి పరీక్షలు రాసేశాను. రెండో భాగం వచ్చిందని తెలిసి, బావ సైకిల్ దిగీ దిగకముందే అతని చేతిలోంచి లాక్కున్నాను. నిజం చెప్పొద్దూ, సగం దాకా నాకు ప్రాణం లేచొచ్చింది. వానలో బస్టాండు ఘట్టం ఒకటుంది. ఒకే గొడుగు కింద ఇద్దరూ నిలబడి, ఒకరి చెయ్యి ఒకరికి తగలకుండా ఎంత అవస్థ పడతారో! అది చదువుతుంటే నా గొంతు వణికింది. ముసలమ్మలు కూడా పని ఆపి విన్నారు. ఇప్పుడు చదివినా నా గొంతు అక్కడ అలాగే వణుకుతుంది. ఆ ఘట్టాన్ని నేను కాదనను.

వాన వెలిశాక కథ పాడైపోయింది. అబ్బాయి అలుగుతాడు. చదువు కావాలో తను కావాలో తేల్చుకోమంటాడు. పరీక్షలు ముంగిట్లో ఉండగా ఆ పిల్ల హాల్‌టికెట్ చించేసి, ఏడుస్తూ వెళ్ళి అతని కాళ్ళ దగ్గర కూర్చుంటుంది. ఆడజన్మకు ఇదే అందమని రచయిత ఒక పేజీ నిండా మెచ్చుకున్నాడు.

మా అత్త మొహం వెలిగిపోయింది.

"అదీ! పిల్లకి బుద్ధొచ్చింది. ఎంత చదివినా ఆఖరికి పొయ్యి ఊదాల్సిందే గదా. ఏమే, ఆ ముక్క మళ్ళీ చదువు. మీ అమ్మ సరిగ్గా వినలా."

అమ్మ తలెత్తలేదు. ఆమె వేళ్ళు తొడిమలు తీస్తూనే ఉన్నాయి. కిందటేడు ఆమె మనసు మెత్తబరిచింది ఈ పిల్లే. ఈ పిల్లే ఇలా చేస్తే ఇక నా తరఫున మాట్లాడేదెవరు? నాకు భయం వేసింది. ఆ వెంటనే చెప్పలేనంత కోపం వచ్చింది.

పుస్తకం మూసి చాప కింద తోసి, రెండు చేతులూ మిరపకాయల కుప్పలో పెట్టాను. ఇక ఆ రోజుకి పుస్తకం ముట్టుకోవడానికి లేదు.

"ఏందే, ఆపేశావు?" అంది అత్త.

"ఇది అబద్ధం అత్తా. ఈ పిల్ల ఇట్టా చెయ్యదు."

"అచ్చులో ఉంటే అబద్ధమంటావేందే? రాసినాయనకి తెలవంది నీకు తెలుసా?"

"తెలుసు. పోయినేడు ఆ పిల్లని మనందరం చూశాం. ఆయనే మర్చిపోయాడు."

ఎవరో కిసుక్కుమన్నారు. అత్తకు ఒళ్ళు మండింది.

"అయితే ఏం చేసుద్దంట?"

"హాల్‌టికెట్ చించదు. పరీక్ష రాసుద్ది. అలిగితే అతన్ని అలగనిస్తది. ఇష్టముంటే ఆగుతాడు, లేకపోతే పోతాడు. పోతే ఏడుసుద్ది. ఏడ్చి చదువుకుంటది."

నా గొంతు చర్చిలో చదివేంత పెద్దగా వచ్చింది. ఆ ఊపులో బుద్ధి లేక కారం చేత్తో కన్ను తుడుచుకున్నాను. భగ్గుమని మండి నీళ్ళు ధారగా కారాయి. అయినా తల దించలేదు.

గుప్పెడు కాయలు వేసేది పుస్తకం చదివినందుకే. నోటికొచ్చింది వాగితే ఎవరూ వేయరు, అది కల్లం కట్టుబాటు. అప్పుడు అమ్మ తన గంపలోంచి దోసెడు కాయలు తీసి నా గంపలో పోసింది.

"తర్వాత చెప్పవే. ఆ పిల్ల ఏ ఊళ్ళో చేరింది?"

"గుంటూరులో" అన్నాను.

"విన్నావుగా వదినా" అంది అమ్మ, అత్త వైపు చూడకుండానే. "జూన్‌లో చేరుద్దంట. నీ తమ్ముడికి నేను చెప్తాలే."

అత్త మూతి తిప్పుకుంది. మిగతావాళ్ళు ఒక్కొక్కరే చేతులు చాచి నా గంపలో కాయలు వేశారు.

సాయంత్రం పుస్తకం తీసుకుపోవడానికి బావ వచ్చాడు.

"ఎట్టా ఉంది?"

"వాన దాకా బాగుంది బావా. ఆ తర్వాత ఆ పిల్లని చంపేశాడు."

"అయ్యో, చచ్చిపోద్దా?"

"లేదు. చదువు మానేసి పెళ్ళి చేసుకుంటది."

పెద్దగా నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ వాచిన నా కన్ను చూసి ఆగిపోయాడు. పుస్తకాన్ని సైకిల్ క్యారియర్‌కి తాడేసి కట్టాడు. ఆ చిన్న పుస్తకం కట్టడానికి చాలాసేపు పట్టింది.

జూన్‌లో నా ట్రంకుపెట్టెను బస్సు దాకా అదే సైకిల్ మీద తెచ్చాడు. తనే పైకెక్కించాడు. నేను కిటికీ దగ్గర కూర్చుని, మొదటి భాగంలో అబ్బాయిలా ఏదైనా అంటాడేమోనని చూశాను. అతనా పుస్తకం చదివితేగా!

"పెట్టె సంగతి కండక్టరుకు చెప్పా. దిగేటప్పుడు మర్చిపోమాక" అన్నాడు.

బస్సు కదిలింది. ఊరు దాటేదాకా ఆపుకుని, దాటాక ఏడ్చాను. ఏడ్చి చదువుకున్నాను.