అన్న అంబాసిడర్‌ను పండబెట్టిన రోజు

తెలంగాణ కోసం రోడ్లు బంద్ చేస్తున్న రోజుల్లో మా అన్న తన అంబాసిడర్ కారును బచ్చన్నపేట రోడ్డుకు అడ్డంగా నిలబెట్టాడు. పోలీసులు లాఠీలు ఎత్తగానే జరిగిన ఉరుకులాటలో కిందపడ్డాడు. కారుకు గీత కూడా పడలేదు, మనిషికి మాత్రం ఎడమ మోకాలు విరిగింది. ఊరంతా వచ్చి మెచ్చుకుంది. మెచ్చుకున్నవాళ్లలో ఒక్కరూ ఆయన్ను మంచం మీంచి లేపి స్నానానికి తీసుకుపోవడానికి రాలేదు. ఆ కోపం నాకు ఇప్పటికీ పోలేదు.

కట్టు విప్పాక డాక్టరు రోజూ మోకాలు వంచమన్నాడు. నొప్పికి భయపడి అన్న వంచలేదు. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకోవడం ఆయనకు మొదటినుంచీ అలవాటే. మోకాలు బిగుసుకుపోయింది. క్లచ్ తొక్కలేనివాడు డ్రైవరెట్లా అవుతాడు, బండి అమ్మేద్దామన్నాడు. పదేళ్లు పరాయివాళ్ల కార్లు నడిపి కొనుక్కున్న బండి అది. పాలకుర్తిలో ఒకాయన కొంటానన్నాడు, ఈ బందులన్నీ తగ్గాక వచ్చి తీసుకుపోతానన్నాడు.

మా అమ్మను మేం అవ్వ అని పిలిచేవాళ్లం. అవ్వ అన్నతో వాదించలేదు. ఆమెకు కోపం వస్తే నోరు మూసుకొని పని మొదలుపెడుతుంది. జనగామ నుంచి మెకానిక్ చాచాను పిలిపించింది. చప్పుడు విని ఇంజను జబ్బు చెప్పగల మనిషి ఆయన.

"భాయ్, అమ్ముడు సంగతి తర్వాత. నెలలకు నెలలు నిలవడ్డా పాడుగాకుంట జేసిపెట్టు," అన్నది అవ్వ.

కొట్టంలోని బర్రెలను బయట కట్టేసి, కారును తోసి లోపల పెట్టాం. చాచా పాత ఆయిల్ తీసి కొత్తది పోశాడు. ఖాళీ ట్యాంకుకు తుప్పు పడుతుందని డబ్బాలతో పెట్రోలు తెప్పించి నిండుగా నింపాడు. బ్యాటరీ విప్పి చెక్కమీద పెట్టాడు. టైర్ల మీద బరువు పడకుండా నాలుగు పక్కలా మొద్దులు పెట్టి బండిని లేపాడు. ఒక్కో మొద్దు పెట్టాక నాలుగడుగులు వెనక్కి వచ్చి, తల వంచి చూసి, వెంట్రుకవాసి తేడా ఉన్నా మళ్లీ సరిచేసేవాడు. మా కాలేజీ పంతుళ్లలో ఒక్కరైనా పాఠాన్ని అంత శ్రద్ధగా చూసి ఉంటే నాకు లెక్కలు వచ్చి ఉండేవి.

ఎలుకల దగ్గరికి వచ్చేసరికి అవ్వ కలగజేసుకుంది. వైర్లు కొరుకుతాయని చాచా ఏదో మందు చెప్పబోయాడు. ఏళ్లకేళ్లు విత్తనాలను కాపాడిన మనిషికి ఎలుకల గురించి ఒకరు చెప్పాలా? పొగగొట్టంలో గుడ్డ కుక్కింది. పురుగు పట్టకుండా నీడన ఎండిన వేపాకు సీట్ల కింద పరిచింది. ఎలుక ఏ పక్కనుంచి వస్తుందో అడుగులు కనబడాలని కారు చుట్టూ నేలమీద జల్లించిన బూడిద చల్లింది. చాచా తెచ్చిన ప్లాస్టిక్ పరదా కప్పితే లోపల చెమ్మ పడుతుందని, గింజకైనా ఇనుముకైనా గాలి ఆడాలని పక్కన పెట్టించింది. పాత నూలు చీరలు జోడించి కుట్టిన కప్పు తెచ్చింది. చాచా ఆ కుట్టును వేళ్లతో తడిమి, ముప్పై ఏళ్లుగా ఈ పని చేస్తున్నా తనకిది తట్టలేదని ఒప్పుకున్నాడు. ఆ ఇద్దరినీ చూస్తుంటే నాకు గర్వంగా అనిపించింది.

అమ్మే బండికి ఇంత సింగారమెందుకని అన్న మంచం మీంచే విసుక్కుంటున్నాడు.

చివరికి క్లచ్ మిగిలింది. నెలల తరబడి కదలకపోతే లోపలి ప్లేటు అతుక్కుపోతుంది. అందుకని పెడల్‌ను కిందికి నొక్కి, సీటుకూ దానికీ మధ్య కట్టె ఆనిస్తారు. చాచా కట్టె కోసి కొలత చూసుకుంటుండగా అన్న చంకకర్రలతో కొట్టం గుమ్మంలోకి వచ్చాడు. నిజంగానే అతుక్కుపోతుందా అని అడిగాడు.

"అతుక్కపోతది బేటా. దినాం నాలుగుసార్లు తొక్కెటోడుంటే ఈ కట్టెతోని పనిలేదు," అన్నాడు చాచా, తల ఎత్తకుండానే.

అన్న చంకకర్రలు నా చేతికిచ్చి డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. ఎడమ కాలును అవ్వ రెండు చేతులతో ఎత్తి లోపల పెట్టింది. మొదటిసారి పెడల్ బెత్తెడు కూడా దిగలేదు. రెండోసారి ఇంకొంచెం దిగింది. అన్న మొహమంతా చెమట పట్టింది. చాలు ఆపమని అనబోయాను, అవ్వ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. నాలుగోసారికి సగందాకా వచ్చింది.

"కట్టె తీసుకపో చాచా. నేనే తొక్కుత," అన్నాడు అన్న.

రోజూ పొద్దున కొట్టంలోంచి పెడల్ చప్పుడు వినిపించేది. కొన్నిరోజులు పెడబొబ్బలు కూడా వినిపించేవి. మేం అటు పోయేవాళ్లం కాదు. నెల దాటాక ఒకరోజు అన్న గోడ పట్టుకొని ఇంట్లోకి వచ్చి నా ఫోన్ అడిగాడు. పాలకుర్తి ఆయనకు ఫోన్ చేసి, బండి అమ్మడం లేదు, రావద్దని చెప్పాడు. మోకాలు విరిగిన రోజు కన్నీళ్లు పెట్టని అవ్వ, ఆ మాట విని పొయ్యి ముందు కూర్చొని ఏడ్చింది.