దాచిన రెండు గింజలు

నా చిన్నప్పుడు ఒడిశాలోని రాయగడ రైల్వే క్వార్టర్లలో మా గుమ్మం నుంచి పక్కింటి అక్క గుమ్మానికి పద్నాలుగు అడుగులు. డెబ్బైల తొలి ఏళ్లు. శ్రీకాకుళం వైపు మా పల్లె నుంచి వచ్చాక నన్ను ఒడియా బడిలో వేశారు. మాస్టారు కథ చదివి ప్రశ్నలు అడిగేవారు. తెలియని మొదటి మాట దగ్గరే నా మనసు ఆగిపోయేది. మిగతా కథంతా నన్ను దాటి వెళ్లిపోయేది. ఈసారి పరీక్షలోనూ జవాబులు చెప్పలేకపోతే ఊళ్లో మామ్మ దగ్గర దింపేస్తానని నాన్న అనేశారు. అమ్మను వదిలి ఉండాలన్న ఊహకే నాకు అన్నం సయించేది కాదు.

గుణుపూర్‌లో పెరిగిన అక్కకు ఒడియా మంచినీళ్లప్రాయం. సాయంత్రం రేడియోలో ఒడియా వార్తలు మొదలయ్యే ముందు నా ఎదుట పది చింతగింజలు పోసేది.

"ఈరోజు ఏటి సెప్తాడో ముందు నువ్వే సెప్పు."

"వాన పడిందంటాడు."

"సరే, ఇను. తెలీని మాట వత్తే దాని ఎనకాల పరిగెట్టకు. పోనీయి."

ఒక్కో వార్త అయ్యాక, అర్థమైతే గింజ కుడివైపు, కాకపోతే ఎడమవైపు. చివర్న ఎడమవైపు గింజలు ఒక్కొక్కటే చూపించి, ఎక్కడ తప్పిపోయానో నా చేతే చెప్పించేది.

ఎడమ కుప్ప చూస్తే నాకు సిగ్గు. ఒకరోజు అందులోంచి రెండు తీసి బుగ్గన పెట్టుకున్నాను. అక్క లెక్కపెట్టింది.

"పది ఇచ్చేను, ఎనిమిదే ఉన్నాయి. కోతిలాగ ఆ బుగ్గేటమ్మీ?"

నవ్వాపుకోలేక ఉమ్మేశాను. ఆమె నవ్వలేదు. తడి గింజలను ఓణీ కొంగుతో తుడిచింది.

"అర్థమైనవి నాకెందుకు? నాకు ఇవే కావాల. ఇవి దాసేస్తే నీకు ఏటి నేర్పను?"

పరీక్ష రోజు మాస్టారు కథ పేరు చెప్పగానే అందులో ఏం జరగబోతుందో ఊహించుకున్నాను. తెలియని చోటల్లా ఒక వేలు మడిచి ముందుకు సాగాను. కథ అయ్యేసరికి మూడు వేళ్లు. లేచి, ఆ మూడు చోట్లూ మళ్లీ చదవమని వచ్చీరాని ఒడియాలో అడిగాను. తరగతి నవ్వింది. మాస్టారు చదివారు. జవాబులు చెప్పాను, అమ్మ దగ్గరే ఉండిపోయాను.

ఆ ఎండాకాలమే అక్క వాళ్ల నాన్నకు బదిలీ అయింది. రైలు కదులుతుంటే ఆమె కిటికీలోంచి నాతో ఏదో అంది. ఇంజను కూతలో వినపడలేదు. నేను వేలు మడిచాను.

తర్వాత బడిలో లెక్కల పాఠాలూ సొంతంగానే నేర్చుకున్నాను, ముందు నాకు రానివి లెక్కపెట్టుకుంటూ. ఇప్పటికీ ఎవరి మాటైనా అర్థం కాకపోతే వేలు మడుచుకుని, వాళ్లు ముగించాక సిగ్గుపడకుండా అడుగుతాను. అడిగాక వేలు విప్పేస్తాను. ప్లాట్‌ఫారం మీద మడిచిన ఆ ఒక్కటి మాత్రం విప్పలేదు. మళ్లీ చెప్పమని అడుగుదామంటే, అక్క ఎక్కడుందో తెలియదు.