రంగులేసిన రిపోర్టు

మొన్న టెక్కలి బస్సులో, నా వెనక సీట్లో ఎవరిదో ఫోను అంకెలు చదువుతోంది. ఎత్తూ పల్లమూ లేని ఆడగొంతు. ఒక అంకె, దాని వెనక ఇంకో అంకె. ఏది దేనిదో చెప్పదు. నాకు ఒళ్లు మండింది. లోకనాథం మాస్టారు చివరిసారి నమ్మింది అలాంటి గొంతునే. తప్పు గొంతుది కాదని తెలుసు, అయినా మండింది.

మాస్టారు నాకంటే పదేళ్లు చిన్న. పలాసలో మేం జీడిపప్పు ఒలిచే షెడ్డుకి, పని దిగే వేళకి వచ్చి ఆడవాళ్లకు అక్షరాలు చెప్పేవారు. అప్పటికి నాకు యాభై దాటాయి. జీడి చమురుకి నల్లబడ్డ వేళ్లతో బలపం పట్టడానికి సిగ్గుపడితే, "నల్ల పలక మీద నల్ల సెయ్యి ఎవులికి కనపడతాదప్పా, రాయి" అనేవారు. బస్టాండులో టైముల బోర్డు చూపించి పట్టిక చదవడం నేర్పారు. "లోపలి అంకె మీదికి ఉరకకు. పైన ఏటుందో, పక్కన ఏటుందో సూసి అప్పుడు దిగు." ఆ తర్వాత ఎవరినీ అడక్కుండా బస్సెక్కాను.

షుగరు ఆయన కళ్లు తీసుకుంది. మా ఉద్దానం రోగం కిడ్నీలూ తీసుకుంది. నెలనెలా రక్తపరీక్ష, ఫోనుకి రిపోర్టు. ఆయన భార్యకి చదువు రాదు, నేనే వెళ్లి చదివేదాన్ని. ఒక నెల, కిడ్నీలు పాడయ్యే కొద్దీ పెరిగే ఆ క్రియాటినిన్ బాగా ఎక్కువొచ్చింది. ఆయన మొహం చూసి నోరు రాక, పోయిన నెల అంకే చెప్పాను. డాక్టరు దగ్గర బయటపడింది.

"నీకు అచ్చరాలు నేర్పింది నన్ను మోసం సెయ్యడానికేటప్పా?"

"బాద పడతారని మాస్టారూ..."

"నా రగతం సంగతి దాయడానికి నువ్వెవులు?"

ఆ రోజు నుంచి నా చేత చదివించుకోలేదు. చూపులేనివాళ్లకి తెర మీదిది చదివి వినిపించే ఫోనునే నమ్ముకున్నారు. ఫోనేమో పరీక్ష పేరూ, గడుల్లో అంకెలూ వరసగా చదివేది గాని, ఏ అంకె ఏ హెడ్డింగు కిందిదో, ఏ నెలదో చెప్పేది కాదు. దారి చూపడానికి మాత్రం నన్ను తోడు తీసుకుని ల్యాబుకి వెళ్లారు. కంప్యూటరు దగ్గర కూర్చునే ఆవిడకు ఓపికగా చెప్పారు: గడులు కలిపేయకండి, ఏది హెడ్డింగో కంప్యూటరుకి తెలిసేలా గుర్తు పెట్టండి, అప్పుడు ఫోను ప్రతి అంకెకీ పేరు చెబుతుంది అని.

"రంగులేసి మరీ ఇత్తన్నాం గదా మాస్టారూ, ఇంకేటి సెయ్యాల?"

"రంగులు బాగున్నాయేటమ్మా? నాకూ కాసింత సెప్పు."

వెనక నిలబడ్డవాళ్లు నవ్వారు. ఆవిడా నవ్వింది. "ఇంట్లో కళ్లున్నోళ్ల సేత సదివించుకోండి" అని తర్వాతి పేరు పిలిచింది. ఆయన నా వైపు తల తిప్పలేదు.

ఇక వరస కంఠతా పట్టారు: మొదటి అంకె ఈ నెలది, రెండోది పోయిన నెలది. రెండు నెలలు సాగింది. మూడో నెల ల్యాబువాళ్లు పట్టిక మార్చారు. పాత ఫలితం ముందుకొచ్చింది, కొత్తది వెనక్కి పోయింది. చూపున్నవాళ్లకి పైన రాసే ఉంది. ఫోను చెప్పలేదు. పొటాషియం నాలుగున్నర అని ముందు వినబడింది. పొటాషియం ఎక్కువుంటే కొబ్బరినీళ్లు విషమని మా ఊళ్లలో పిల్లలకీ తెలుసు. ఆయన మానేసి ఏడాది దాటింది. తగ్గిందన్న ధైర్యంతో అడిగి తాగారు, ఆ రోజూ మరునాడూ. రెండో అంకె ఆరు దాటి ఉంది. మూడోనాడు గుండె ఆగిపోయింది.

దినాలయ్యాక ఆ రిపోర్టు ల్యాబావిడకి చూపించాను. "అంకెలు సరిగ్గానే ఉన్నాయి గదా పెద్దమ్మా" అంది. ఉన్నాయి. తిట్టడానికే వెళ్లాను, రిపోర్టు మడుచుకుని వచ్చేశాను. అందరికంటే ముందు ఆయనకి తప్పు అంకె వినిపించింది నేను.

ఇప్పుడు ఆసుపత్రి వరండాలో కూర్చుని, చదువు రానివాళ్లకి రిపోర్టులు చదువుతాను. పోయిన వారం అక్కుపల్లి నుంచి వచ్చినామె తన అంకె విని కూలబడింది. కూతురు నా మీదికొచ్చింది: "కాస్త తగ్గించి సెప్తే నీ సొమ్మేటి పోద్ది, ముసల్దానా?" కాగితం లాక్కోబోయింది. నేనివ్వలేదు. తల్లి చేతిలోనే పెట్టి, మొదటి నుంచి మళ్లీ చదివాను.